జింజాకు ఒక పెట్టె

పిల్లలూ, ముందుగా మీ అట్లాసు తీసి ఆఫ్రికా పటం చూడండి. తూర్పు భాగంలో విక్టోరియా అనే పెద్ద సరస్సు కనిపిస్తుంది. దాని ఉత్తరపు వొడ్డున జింజా అనే పట్టణం ఉన్నది. అది ఉగాండా దేశంలోది. భూమధ్యరేఖకు అర డిగ్రీ దూరం కూడా లేదు. నైలునది సరస్సును విడిచి బయలుదేరేది అక్కడే. ఇప్పుడు మన దేశపటంలో నిజామాబాదు ఎక్కడున్నదో చూడండి. ఈ రెండు ఊళ్ళకూ మధ్య ఒక సముద్రమే ఉన్నది. కాని రెండుచోట్లా పండే పంట ఒకటున్నది. అది చెరకు. ఆ చెరకు మూలంగానే కిందటి సంవత్సరం నాకొక పని తగిలింది.

నేను హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయినాను. నా పాతవిద్యార్థి ఒకడు జింజా ప్రాంతంలో ఒక చక్కెర మిల్లులో కెమిస్టుగా ఉన్నాడు. వాడు బోధన్ పక్కనున్న శక్కర్‌నగర్ పిల్లవాడు. తండ్రి నిజాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కొడుకు కూడా చదువు ముగించుకుని అక్కడే చేరాడు. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరకురసం పరీక్షించడం తప్ప వేరే పని తెలియదు గనక, ఆ పని ఎక్కడ దొరికితే అక్కడికి పోయినాడు.

ప్రతి సంవత్సరం గురుపూజోత్సవంనాడు వాడు నాకు ఫోను చేస్తాడు. ఈసారి చేసినప్పుడు ఒక వీడియో చూపించాడు. ఎర్రమట్టి నేల, చుట్టూ చెరకుతోటలు, ఒక రేకుల బడి. పిల్లలు ఫుట్‌బాలు ఆడుతున్నారు. ఆడపిల్లలూ ఉన్నారు. ఒక్కరి కాళ్ళకు కూడా బూట్లు లేవు. బంతి మాత్రం విచిత్రంగా ఉన్నది. ఎండిన అరటినారను ఉండగా చుట్టి, పైన తాడుతో అల్లిన బంతి!

"సార్, జనవరిలో సెలవుమీద వచ్చి తిరిగి పోతాను. విమానంలో రెండు పెట్టెలు తీసుకుపోనిస్తారు, ఒక్కొక్కటి 23 కిలోలు. నా బట్టలు చేతిసంచిలో సర్దుకుంటాను. మన ఊళ్ళల్లో వాడి విడిచిన బూట్లూ, జెర్సీలూ పోగుచేసి పెడతారా?" అని అడిగాడు.

బూట్లు అడగడానికి ఆట ఒక్కటే కారణం కాదు. ఆ ప్రాంతపు మట్టిలో జిగ్గర్ అనే పురుగు ఉంటుంది. నల్లికన్న చాలా చిన్నది. ఆడపురుగు కాలిచర్మంలోకి తొలుచుకుపోయి, లోపల గుడ్లతో బఠాణీగింజంత ఉబ్బుతుంది. కాలు వాచి, చీము పట్టి, పిల్లలు నడవలేక బడి మానేస్తారు. ఈ పురుగు ఆఫ్రికాలో పుట్టినది కాదు. దక్షిణ అమెరికానుంచి 19వ శతాబ్దంలో ఓడలమీద చేరింది. 2010లో జింజా ఉన్న బుసోగా ప్రాంతంలో ఇది చాలామందిని బాధపెట్టింది. కాళ్ళకు బూట్లుంటే దాని ఆట సాగదు.

సరే అన్నాను. ఇటువంటి పని కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో కిట్‌ఎయిడ్ అనే సంస్థ 1998నుంచీ అక్కడి క్లబ్బుల పాత జెర్సీలూ బూట్లూ పోగుచేసి ఆఫ్రికా దేశాలకు పంపుతున్నది. నిజామాబాదులో మాత్రం నేను ఒంటరిగా ఒక గోనెసంచి పట్టుకుని బయలుదేరాను.

మా ఊరిని పూర్వం ఇందూరు అనేవారు. ఇప్పుడందరికీ పసుపు మార్కెట్టు వల్ల, బాక్సింగులో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన నిఖత్ జరీన్ వల్ల తెలుసు. ఫుట్‌బాలు కూడా తక్కువ తినలేదు. భారత మహిళల జట్టులో ఆడుతున్న గుగులోతు సౌమ్య ఈ జిల్లా తండా పిల్లే. అందుచేత బూట్లకు కొదవుండదని అనుకున్నాను. గాంధీ చౌక్ దగ్గర మొదలుపెట్టి, ఖలీల్‌వాడి సందులన్నీ తిరిగాను. సాయంకాలాలు పాత కలెక్టరేటు మైదానంలో ఆటగాళ్ళకోసం కాచుకుని కూర్చున్నాను.

జనం ఇస్తారు. కాని ఏమిస్తారో చూడాలి! ఒకాయన క్రికెట్ ప్యాడ్లు తెచ్చాడు. ఒక ఇంటివారు బడి బ్యాండుమేళం కోటు ఇచ్చారు, దానికి బంగారపు రంగు గుండీలు కూడా ఉన్నాయి. ఇంకొకాయన ఎడమకాలి బూటు ఒక్కటే ఇచ్చి, "కుడిది కుక్క ఎత్తుకపోయింది సార్, ఇది మాత్రం కొత్తదే," అన్నాడు. చెత్తబుట్టకు పోవలసినవాటిని సగం ఇంటివద్దనే ఏరి తీసివేయవలసి వచ్చింది. ఎవరూ దురుద్దేశంతో ఇవ్వలేదు. పారవేయడానికి మనసొప్పని వస్తువును దానం చేయడం సులభం, అంతే.

మంచివి కూడా వచ్చాయి. ఎదిగే పిల్లల కాళ్ళు ఏడాదికి ఒక నంబరయినా పెరుగుతాయి గనక, చిన్న నంబరు బూట్లు ఎక్కువగా చిరగకుండానే మూలపడతాయి. ఆటవస్తువుల దుకాణాయన రెండు గాలిపంపులు, డజను సూదులు ఇచ్చాడు. "సార్, అందరు బంతి ఇస్తరు, సూది ఎవ్వరియ్యరు. సూది లేకపోతే బంతి వారంల మూలకు పడ్తది," అన్నాడు. ఈ మాట నాకు తట్టనే లేదు. మా ఇంటావిడ జెర్సీలన్నీ ఉతికి మేడమీద ఆరవేసింది. వీధిలో పోయేవాళ్ళు ఇది ఏ జట్టు ఇల్లని అడగసాగారు.

తరువాత బోధన్ బస్సెక్కాను. సుమారు పాతిక కిలోమీటర్ల దారి. అశోక్‌సాగర్ చెరువు, బండరాళ్ళు, జానకంపేట, ఎడపల్లి దాటితే బోధన్. జానకంపేటనుంచి బోధన్‌కు ఒక రైలుపట్టా చీలుతుంది. ఈ ప్రాంతం చెరకుసీమ ఎలా అయిందంటే, మంజీరనది మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ ఆనకట్ట కట్టారు. కాలవల్లో నీళ్ళు వచ్చాయి. నీళ్ళు వచ్చినచోట చెరకు వచ్చింది. 1937లో ఫ్యాక్టరీ స్థాపించారు. ఒకప్పుడు అది ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకునేవారు. చెరకు నరికిన తరువాత నిలవ ఉంచితే అందులోని చక్కెర తరిగిపోతుంది. అందుకే మిల్లు ఎప్పుడూ తోటలకు దగ్గరగానే ఉండాలి. మిల్లు మూతపడితే తోటలూ ఉండవు. నా చిన్నతనంలో ఈ దారిన బస్సులో వస్తుంటే మడ్డివాసన ముక్కుకు తగిలేది. ఎడ్లబండ్లు రోడ్డుకడ్డంగా నిలబడి ఉండేవి. మేము కిటికీలోనుంచి చెయ్యిచాచి చెరకుగడలు లాగేవాళ్ళం. (మీరు అలా చేయకండి.) ఇప్పుడు చాలామట్టుకు వరిపొలాలే కనిపిస్తాయి.

శక్కర్‌నగర్‌లో పాత కార్మికుడు ఒకాయన ఉన్నాడు. ఆయనకు 85 ఏళ్ళు. అందరూ చిచా అంటారు. నేను వచ్చిన పని విని లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన ఒక జత బూట్లు తెచ్చాడు. మందపు తోలు, అడుగున మేకులతో బిగించిన తోలుముక్కలు. ఒక్కొక్కటి ఇటుకంత బరువున్నది. ఆయన కుర్రవాడుగా హైదరాబాదులో ఉన్నప్పుడు ఫతే మైదానంలో సిటీ పోలీసు జట్టు ఆట చూసేవాడట. ఆ జట్టు 1950నుంచి 1954దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. వారికి ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం అసలు బడిపంతులు. ఆయన శిక్షణలోనే మన దేశపు జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది.

"అంతకుముందు మనోళ్ళు వట్టికాళ్ళతోనే ఆడిండ్రు, తెలుసా మాస్టర్ సాబ్?" అన్నాడు చిచా.

నిజమే. 1948లో లండన్ ఒలింపిక్సులో మనవారు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్సుతో ఆడి, 2-1 తేడాతో ఓడిపోయారు. 1952లో హెల్సింకిలో చలికి కాళ్ళు కొంకర్లుపోయి యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సుతో ఓడినప్పుడు గాని బూట్లు తప్పనిసరి కాలేదు. చిచా బూట్లు పిల్లల కాళ్ళకు పనికిరావు. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. తీసుకున్నాను. అవి ఇప్పటికీ నా బల్లమీద ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం బోధన్‌కు కొద్దిదూరంలో ఉన్న ఒక పల్లెబడికి పోయినాను. అక్కడి పంతులమ్మ కూడా ఒకప్పుడు నా దగ్గర చదివినదే. పిల్లలకు ఉగాండా గురించి చెప్పమన్నది. ఆఫ్రికా ఎక్కడని అడిగితే, "కిలిమంజారో కాడ సార్!" అని ఒకడు అరిచాడు. మన జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది గదా. తరువాత కిలిమంజారో కూడా ఎక్కింది. ఆ విధంగా ఆ పిల్లలకు ఆఫ్రికాతో కొంచెం చుట్టరికమున్నది. నేను అరటినార బంతి గురించి, జిగ్గర్ పురుగు గురించి చెప్పాను. సంచిలోనుంచి బూట్లు తీసి చూపించాను. అందరూ చాలా బుద్ధిగా విన్నారు.

నేను లేవబోతుంటే ఏడో తరగతి పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"సార్, ఆ పిల్లలకు బంతులు, బూట్లు పంపుతున్నరు. మంచిదే. మరి మాకు బంతే లేదు గద సార్?"

పంతులమ్మ ఆమెను కసిరింది. ఆ పిల్ల భయపడలేదు. పోయి తమ బంతి తెచ్చి నా చేతిలో పెట్టింది. పగిలిన బంతి. బ్లాడరు పోయిన తరువాత లోపల పాతగుడ్డలు కుక్కి కుట్టారు. ఎగరదు. తంతే కాలు నొప్పి పుడుతుంది. ఆవల మైదానంలో రెండు రాళ్ళు గోలు. తొడుక్కున్నవి అరిగిపోయిన చెప్పులు.

ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణి. ఆరోజు జవాబు దొరకలేదు. "ఆలోచిస్తానమ్మా," అని మాత్రం అని బస్సెక్కాను.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. మంచి బూట్లు 34 జతలు. జెర్సీలు 52. బంతులు పది. ఇవిగాక లాగులు, మేజోళ్ళు. బూట్లజత అరకిలోకు కాస్త ఎక్కువ తూగుతుంది. జెర్సీ 150 గ్రాములు. పెద్దవాళ్ళ బంతి 410నుంచి 450 గ్రాములు ఉండాలని నియమం, గాలి తీసినా తీయకపోయినా బరువులో పెద్ద తేడా ఉండదు గాని, తీస్తే స్థలం బాగా కలిసివస్తుంది. అన్నీ కూడితే 40 కిలోల చిల్లర వచ్చింది. అంటే అంతా ఆ రెండు పెట్టెల్లో పట్టిపోతుంది. పట్టకపోతే మిగిలినది ఆ పల్లెబడికి ఇద్దునుగదా! బరువు వంక పెట్టి తప్పించుకునే వీలు లేకుండా పోయింది. ఇక్కడ ఒక బంతి ఉంచితే అక్కడ ఒకటి తగ్గినట్టే.

ఆ రాత్రి జింజాకు ఫోను చేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "సార్, ఇక్కడి పిల్లలకు వస్తున్నాయని చెప్పేశాను. అయినా మన బోధన్ పిల్లలు అడిగితే లేదని నేనెట్ల అంటాను? మీరే ఆలోచించి చెయ్యండి," అన్నాడు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇచ్చినవాళ్ళు ఆఫ్రికాకు అని ఇచ్చారు. వాళ్ళను అడగకుండా మార్చడం న్యాయం కాదు. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. అందరూ సరేనన్నారు. ఒకామె మాత్రం, "మా బాబు బూట్లు ఆఫ్రికాలో ఆడాలని ముచ్చటపడి ఇచ్చాడు మాస్టారూ," అన్నది. ఆమె ఇచ్చిన రెండు జతలు, రెండు జెర్సీలు వేరుగా కట్టి జింజా పేరు రాశాను.

మిగతావి పల్లెబడికి తీసుకుపోయి, సంగతంతా దాచకుండా పిల్లలకు చెప్పాను. "వాళ్ళకు పోగా మిగిలినవి మీకిస్తే సరిపోతుందా?" అని అడిగాను.

"మిగిలినవి వద్దు సార్. పంచుండ్రి," అన్నది ఆ పిల్లే.

పంచడానికి మా అమ్మ చేసే ఉపాయం ఒకటి జ్ఞాపకం వచ్చింది. అన్నదమ్ములం ఇద్దరం బెల్లంముక్కకోసం పోట్లాడితే ఒకణ్ణి ముక్కలు చేయమనేది, రెండోవాణ్ణి ముందు ఎంచుకోమనేది. అప్పుడు ముక్కలు చేసేవాడు చచ్చినట్టు సమానంగా చేస్తాడు. మేమూ అలాగే చేద్దామనుకున్నాం. బోధన్ పిల్లలు రెండు కుప్పలు చేస్తారు. జింజా పిల్లలు ఫోనులో చూసి ఎంచుకుంటారు.

ఉగాండా గడియారం మనకన్న రెండున్నర గంటలు వెనక. నవంబరులో ఒకరోజు మన మధ్యాహ్నం 12 గంటలకు, అంటే అక్కడ ఉదయం తొమ్మిదిన్నరకు, ఏర్పాటు చేశాం. ఆ దేశంలో డిసెంబరు, జనవరి నెలలు పెద్దసెలవులు. ఫిబ్రవరిలో బడులు తెరుస్తారు. అందుచేత అంతకుముందే పని కావాలి.

కుప్పలు చేయడానికి బోధన్ పిల్లలకు గంటన్నర పట్టింది. ఎంత కొట్లాట! ఒక కుప్పలో చిన్న నంబరు బూట్లు 18 జతలు, జెర్సీలు 20, బంతులు మూడు. రెండో కుప్పలో పెద్ద నంబరు బూట్లు 14 జతలు, జెర్సీలు 30, బంతులు ఏడు. కొలతకు కొలత సరిపోయిందని వాళ్ళు ఒప్పుకున్న తరువాత ఒక్కొక్కదానిలో ఒక గాలిపంపు, ఆరు సూదులు పెట్టారు. కుప్పలు చేసినవాళ్ళ కన్ను ఏడు బంతులమీదనే ఉన్నది. ఎవరూ పైకి అనలేదు.

ఫోను మోగింది. తెరనిండా మొహాలు. మొదట రెండువైపులా సిగ్గు. తరువాత అటునుంచి పొడవాటి పిల్ల ఒకతె ముందుకు వచ్చి ఇంగ్లీషులో, "బూట్ల నంబర్లెంత?" అని అడిగింది. మన ఏడో తరగతి పిల్ల బూట్లు ఒక్కొక్కటీ తిప్పి, తడబడుతూ ఇంగ్లీషులో చదివి చెప్పింది. అటువైపు వాళ్ళు గుమికూడి వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. మావాళ్ళు ఊపిరి బిగబట్టారు. చివరకు ఆ పొడవాటి పిల్ల, తమ బడిలో చిన్నపిల్లలే ఎక్కువనీ, పురుగు ముందు చిన్నపిల్లలనే పట్టుకుంటుందనీ చెప్పి, మొదటి కుప్ప చూపించింది.

బోధన్ పిల్లలు వేసిన కేక జింజాదాకా ఫోను లేకుండానే వినబడి ఉంటుంది. పంతులమ్మ, "సిగ్గులేదా? వాళ్ళు చూస్తున్నరు!" అన్నది. కాని అటువైపు వాళ్ళు కూడా ఎగురుతూనే ఉన్నారు.

సంక్రాంతి అయిన తరువాత నా విద్యార్థి ఒక పెట్టె తీసుకుని పోయినాడు. దుకాణంలో తూకం వేస్తే పెట్టెతోసహా 22 కిలోల 600 గ్రాములు వచ్చింది. రెండో పెట్టె ఖాళీగా పోతుందేమో అనుకున్నాను గాని, వాళ్ళమ్మ ఆవకాయతో, పసుపుతో, సకినాలతో నింపేసింది. అది తూకంలో ఎక్కువయి విమానాశ్రయంలో సగం సకినాలు చేతిసంచిలోకి మార్చవలసివచ్చిందట.

ఫిబ్రవరి చివర ఫోటో వచ్చింది. బడిముందు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక చిన్నవాడు మేజోళ్ళు మోకాళ్ళు దాటి తొడలదాకా లాగుకున్నాడు.

మొన్న వేసవిలో ఆ మిల్లులో పనిచేసే ఇంకొకాయన సెలవుమీద వచ్చి, కాగితంలో చుట్టిన వస్తువొకటి నాకు ఇచ్చిపోయినాడు. అరటినార బంతి. బడి తెరవగానే తీసుకుపోయి ఏడో తరగతి, కాదు, ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల చేతికిచ్చాను. వాళ్ళు దాన్ని తూచారు. మీటరు ఎత్తునుంచి వదిలి ఎంత ఎగురుతుందో కొలిచారు. లోపల గాలి లేదు గనక చీలమండదాకా కూడా లేవలేదు. తరువాత ముళ్ళు విప్పి ఎట్లా అల్లారో చూద్దామని ఒకడు, విప్పితే మళ్ళీ అల్లలేమని ఇంకొకడు వాదించుకున్నారు. నేను బస్సుకు వేళయిందని లేచేసరికి ఇంకా తేలలేదు. పెరట్లో అరటిచెట్టున్న ఇల్లు ఎవరిదని మాత్రం వెతుకుతున్నారు.